రెండో పూత

ఆ గదిలో ఉన్న వస్తువులు ఇవి: పొడుగాటి బల్లలు రెండు, గట్టి డ్రాయింగు కాగితాల దొంతరలు, నీళ్ళరంగుల ట్యూబులు, కడిగిన జామ్ సీసాల్లో నీళ్ళు, తడి కాగితాలు ఆరవెయ్యడానికి ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టిన నైలాను తాడు, దానికి బట్టల క్లిప్పులు, ఒక టేబుల్ ఫ్యాను, నేను తయారుచేసి గోడకి అంటించిన చార్టు. ఉన్న మనుషులు: స్టూడియో నడిపే డైరెక్టరు మేడమ్, ముగ్గురు పెయింటర్లు, నేను, నా వెనకే మెట్లు దిగి వచ్చిన ఆంటీ. ఆంటీ చేతిలో స్టీలు క్యారియరు, చంకలో చుట్ట చుట్టిన దుప్పటి ఉన్నాయి.

ఆ దుప్పటి విప్పకముందే నాకు సిగ్గు మొదలైంది.

తొంభైల మధ్య సంగతి ఇది. స్టూడియో నోయిడాలో ఒక మార్కెట్టు కింద బేస్‌మెంటులో ఉండేది. నేను ఫరీదాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి అక్కడ కంప్యూటరు పనికి చేరాను. మా దగ్గరికి ఒక టీ కంపెనీ ప్రకటన వచ్చింది. ముప్పై సెకన్లు, మొత్తం బొమ్మలే. తెర మీద కనబడే ప్రతి బొమ్మా ఇప్పుడే ఎవరో కుంచెతో కాగితం మీద వేసినట్టు ఉండాలని మేడమ్ పట్టుబట్టింది. రంగు అంచు దాటి కాస్త కారాలి, నీళ్ళు ఎండిన చోట మరక కట్టాలి, బొమ్మ కదులుతుంటే రంగు కూడా సన్నగా వణకాలి.

మా పెయింటర్లు ఏళ్ళ తరబడి పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ల మీద రంగులు నింపినవాళ్ళు. గీత దాటకూడదన్నదే వాళ్ళు నేర్చుకున్న విద్య. కాగితం ఇచ్చినా వాళ్ళ రంగు షాపు బోర్డులాగే వచ్చింది. నేను కంప్యూటరులో ఒక ఉపాయం చేశాను. కాగితం గరుకుదనాన్ని స్కాన్ చేసి బొమ్మల మీద పొరలా వేశాను. బొమ్మలు కదిలాయి, గరుకు మాత్రం కదలకుండా ఉండిపోయింది. మురికి పట్టిన కిటికీలోంచి చూస్తున్నట్టుందని మేడమ్ అంది. నిజంగానే అలా ఉంది.

ఈ సంగతి ఇంట్లో చెబితే మా అమ్మ, "ఆంటీని అడగరాదూ," అంది.

మా అమ్మ ఢిల్లీలో ఒక పెద్ద ఆస్పత్రిలో నర్సు. ఆంటీ కూడా అక్కడే నర్సుగా పనిచేసి అంతకుముందు ఏడాదే రిటైరైంది. కూతురు అదే ఆస్పత్రిలో నర్సు కాబట్టి మా స్టాఫ్ క్వార్టర్స్‌లోనే ఉండేది. సొంత ఊరు బాపట్ల వైపు. మా తెలుగు సంఘానికి ప్రతి క్రిస్మస్‌కీ వెనక తెర ఆవిడే వేసేది. గుడ్డ కొనేది కాదు. ఆస్పత్రిలో పనికిరావని తీసేసిన దుప్పట్లు తెచ్చి రెండేసి కలిపి కుట్టేది. బేత్లెహేము మీద ఆకాశంలో, నక్షత్రం పక్కన, ఆస్పత్రి ముద్ర తలకిందులుగా ఉండేది. గాడిద కుక్కలా ఉండేది. కానీ రంగు మాత్రం తడిగా, ఇప్పుడే వేసి పక్కకి జరిగినట్టు ఉండేది. ఆవిడ అది గర్వంగానే చెప్పుకునేది. "బొమ్మ ఎవడన్నా గీస్తాడు. రంగు నేనేస్తే చూడాల," అనేది.

బేస్‌మెంటులో ఆంటీ ఆ దుప్పటిని, కిందటి క్రిస్మస్ తెరని, బల్ల మీద పరిచింది. పెయింటర్లు ముందు ముద్ర చూసి నవ్వారు. మేడమ్ నవ్వలేదు. కొండల దగ్గర వేలు పెట్టి, ఇది ఎవరు నేర్పారని హిందీలో అడిగింది.

"కోయీ నహీ సిఖాయా. హమ్ ఖుద్ కియా," ఎవరూ నేర్పలేదు, నేనే చేశాను అంది ఆంటీ. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో, "ఈ పిల్లలు రంగెయ్యట్లేదు బాబూ, గోడకి సున్నం కొడుతున్నారు. చెప్పు మీ మేడమ్‌కి," అంది.

నేను చెప్పలేదు. మేడమ్ అడిగితే, "బాగున్నాయి అంటోంది," అని హిందీలో అబద్ధమాడాను.

ప్రకటనలో ముఖ్యమైన ముక్క ఆంటీకి ఇచ్చారు. కెటిల్‌లోంచి టీ గ్లాసులోకి పడుతుంది, ఆవిరి లేచి సాయంత్రపు మబ్బై మిద్దెల మీద పరుచుకుంటుంది. ఆరు సెకన్లు. టీవీలో సెకనుకి ఇరవై అయిదు ఫ్రేములు నడుస్తాయి. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెడతాం. అంటే డెబ్బై అయిదు కాగితాలు. పెన్సిలు గీతలు ముందే ఉంటాయి, ఆంటీ రంగు వెయ్యాలి. నా చార్టు ప్రకారం ప్రతి కాగితానికీ రెండు పూతలు. మొదటిది పలచటి పసుపు, తడి కాగితం మీద. అది పూర్తిగా ఆరాక రెండోది, టీ రంగు. ఆ రెండో పూతతోనే టీ టీలాగా, మబ్బు సాయంత్రంలాగా అవుతుంది. ఎన్ని చుక్కల నీళ్ళు, ఎంత రంగు, ఫ్యాను ఎంత దూరంలో ఉండాలి, అన్నీ చార్టులో రాశాను.

ఆంటీ చార్టుని ఒకసారి చూసింది. "ఇది రంగుకా, సెలైన్‌కా?" అంది. మళ్ళీ దాని వంక చూడలేదు.

ఆవిడ తప్పులు ఆవిడా చేసింది. ఒక కాగితం మీద ఆకాశం బోసిగా ఉందని కాకిని పెట్టింది. నడిపించి చూస్తే ఒక్క క్షణం దోమ వచ్చి పోయినట్టుంది. "ఒక్క పిట్టుంటే ఏం పోయింది?" అని ఆ పూటంతా వాదించింది. కానీ మొదటి పూత పడ్డ మిగతా కాగితాలు తెర మీద కదిలినప్పుడు పెయింటర్లు కుర్చీలు లాక్కుని వచ్చి చూశారు. రంగు బతికి ఉన్నట్టు వణికింది.

క్వార్టర్స్ నుంచి నోయిడాకి మేమిద్దరం చార్టర్డ్ బస్సులో వెళ్ళేవాళ్ళం. ఆంటీ గొంతు వార్డు ఆ చివరిదాకా వినబడే గొంతు. బస్సులో కూడా అదే గొంతుతో తెలుగులో మాట్లాడేది. అందరూ తిరిగి చూసేవాళ్ళు. నేను కిటికీ వైపు మొహం పెట్టి, తక్కువ గొంతుతో హిందీలో జవాబు చెప్పేవాణ్ణి. ఢిల్లీలో పుట్టి పెరిగినవాణ్ణి, తెలుగు అర్థమయ్యేది, నోరు తిరిగేది కాదు. చదవడం, రాయడం చాలా తర్వాత నేర్చుకున్నాను.

మూడో రోజో నాలుగో రోజో ఆవిడ ఊరుకోలేదు.

"నాతో తెలుగులో మాట్లాడు బాబూ. నువ్వు హిందీలో బదులిస్తుంటే ఓపీడీలో పేషెంట్లతో కూర్చున్నట్టుంది నాకు."

"ఆతీ నహీ, ఆంటీ."

"రాకపోతే వచ్చేదాకా మాట్లాడు. లేకపోతే రేపట్నుంచి నీ రంగు నువ్వే వేసుకో."

దాంతో తెలుగు మొదలుపెట్టాను. నా తెలుగుకి బస్సులో ముందు సీటులో కూర్చునే తెలుగాయన ఒకరు భుజాలు కదిలేలా నవ్వుకునేవాడు. క్రియలు మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ తారుమారు చేసేవాణ్ణి. ఆంటీ మాత్రం దిద్దేది కాదు. "వస్తంది, వస్తంది," అనేది.

ఈలోగా ఆంటీ ఊరంతా చెప్పేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి ఒక్కొక్కర్నీ ఆపి చెప్పింది. టీవీలో ఆదివారం సినిమా మధ్యలో టీ ప్రకటన వస్తుందనీ, అందులో టీ పోసే ముక్క తనదనీ, ఆరు సెకన్లనీ. "ఆరు సెకండ్లంటే తక్కువేం కాదమ్మా. ఒకటి నుంచి ఆరుదాకా లెక్కపెట్టి చూడు," అని పాస్టరమ్మ చేత లెక్కపెట్టించింది. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసినా తన పేరు ఎవరూ ఎక్కడా చెప్పలేదని మా అమ్మతో అందట. పేరు రాకపోయినా, చేతి పని లోకమంతా చూస్తుందని. రావలసిన ఆదివారానికి పకోడీలకి శనగపిండి కూడా ముందే తెప్పించింది.

టేపు టీవీ వాళ్ళకి వెళ్ళడానికి ముందురోజు ఎడిటింగు పెట్టుకున్నాం. ఎడిటింగు చేసే చోటు దక్షిణ ఢిల్లీలో ఉండేది. నేను మిగతా ముక్కలు తీసుకుని ఒకరోజు ముందే అక్కడికి వెళ్ళాను. ఆంటీ రెండో పూత పూర్తిచేస్తే, నా కింద పనిచేసే ఆపరేటరు నేను రాసిచ్చిన వరసలో స్కాన్ చేసి, టేపు మీదకి ఎక్కించి, మర్నాడు పట్టుకు రావాలి. ఆ వరసలో స్కానరు శుభ్రం చెయ్యడం దగ్గర్నుంచి టేపుకి లేబులు అంటించడం దాకా అన్నీ ఉన్నాయి. బొమ్మ ఎలా ఉందో ఒకసారి చూడు అన్నది లేదు.

మధ్యాహ్నం స్టూడియోకి ఫోన్ చేశాను. ఆంటీని పిలిపించాను.

"ఆంటీ, మొదటి పూత అయ్యిందా?" నా వంతు తెలుగు ఇది. ముందే మనసులో ఒకసారి అనుకుని చెప్పాను.

"అయింది బాబూ. అన్నీ ఆరిపోయినయ్. రెండోది కూడా మొదలుపెట్టా, ఎట్టా వస్తదో చూద్దామని. బాగా వస్తంది. మరి ఇప్పుడేం చెయ్యమంటావు?"

"చాలూ, ఆంటీ."



"చాలా?" అంది.

"హా ఆంటీ, చాలా. చాలా."

"సరే మరి. నువ్వు చెప్పినాక నాకేంది," అని ఫోన్ పెట్టేసింది.

నేను పొద్దున్నుంచి రాత్రిదాకా హిందీలో వినే, అనే మాట అది. ఫ్యాను చాలూ, నల్లా చాలూ, మెషీను చాలూ. నడుస్తూ ఉండనీ అని. పూత నడుస్తోందట, నడవనీ అన్నాను. ఆవిడ 'చాలా?' అంటే, రంగు ఎక్కువ వెయ్యమంటావా అని అడుగుతోందనుకున్నాను. నాకు తెలిసిన 'చాలా' ఒక్కటే, మా అమ్మ 'చాలా బాగుంది' అనేటప్పటిది. టీ రంగు ముదురుగా పడితే మంచిదే కదా. 'సరిపోతుందా?' అని అడిగే 'చాలా' ఇంకొకటి ఉందని తెలియదు. మా ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు కూడా, 'బస్, బస్' అనేవాళ్ళం.

మర్నాడు ఎడిటింగు గదిలో టీ కంపెనీ పెద్దాయన, ఏజెన్సీ నుంచి ఒకతను, మేడమ్, నేను కూర్చున్నాం. టేపు వచ్చేసరికి వాళ్ళు అప్పటికే రెండుసార్లు వాచీ చూసుకున్నారు. అందుకని నేను ముందు చూడకుండానే పెట్టేశాను.

కెటిల్ వంగింది. టీ ముదురు ఎరుపులో, అంచుల్లో మరక కడుతూ, గ్లాసు వైపు దిగింది. ఎంత బాగుందో అనుకునేలోపే రంగు పోయింది. అదే ధార, అదే గ్లాసు, కానీ పలచటి పసుపు నీళ్ళు. మబ్బు లేచింది. అదీ పసుపే. మిద్దెలన్నిటికీ కామెర్లు వచ్చినట్టుంది.

"అచ్ఛా," అన్నాడు పెద్దాయన. "మొదట చాయ్, తర్వాత నీళ్ళు. మా పొడి గురించి మీ అభిప్రాయం ఇదా?"

మేడమ్ నన్ను చూసింది. నేను స్టూడియోకి ఫోన్ చేశాను. పెయింటరు ఒకడు ఎత్తాడు. ఆంటీ నిన్న మధ్యాహ్నమే వెళ్ళిపోయిందన్నాడు. "ఆంటీ నే బోలా, భయ్యా నే మనా కియా." భయ్యా వద్దన్నాడని చెప్పిందట.

వద్దన్న భయ్యాని నేనే. అమ్మకి ఫోన్ చేసి అడిగాను. తెలుగులో చాలు అంటే ఇక ఆపమనట. తర్వాత వాళ్ళ ముగ్గురికీ నేను చెప్పాల్సి వచ్చింది: మా భాషలో ఈ మాటకి అర్థం ఆపెయ్యమని. పెద్దాయన మొదట వినిపించుకోలేదు. రెండోసారి చెప్పాక నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "అంటే మీ మాతృభాష మీకే తెలియదు," అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

కంప్యూటరులో రంగు ముదురు చెయ్యగలనని నేనే ముందుకొచ్చాను. చేసి చూపించాను. పసుపంతా ఒక్కలా బురద రంగుకి తిరిగింది. ఎక్కడా మరక లేదు, అంచు లేదు, వణుకు లేదు. మేడమ్ కాసేపు చూసి, "ఇది కంప్యూటరు టీ. ఇది రాకూడదనే కదా ఇన్నాళ్ళూ పనిచేసింది," అంది. మళ్ళీ పూత వేయించి, ఆరబెట్టి, స్కాన్ చెయ్యడానికి ఇంకో రోజు కావాలి. టేపు మర్నాడు పొద్దున్నే వెళ్ళాలి.

ఆ ముక్క మొత్తం తీసేసి, టీ పొట్లం బొమ్మని పొడిగించమని ఎడిటరుకి చెప్పింది మేడమ్.

"మొదట్లో రెండో పూత పడిన కాగితాలున్నాయి కదా," అన్నాను. "ఆ కాస్తయినా ఉంచండి."

"అది ఎవరి కంటికి ఆనుతుంది?"

"వేసినావిడకి."

మేడమ్ ఎడిటరు వైపు చూసి సరేనన్నట్టు చెయ్యి ఊపింది. ఆయన ఆ ముక్కలో ఎక్కడ రంగు పోతుందో వెతికి, దాని ముందు కోసి, తర్వాత వచ్చే గ్లాసు బొమ్మకి అతికించాడు. నేను పక్కనే కూర్చుని కౌంటరు చూశాను. లెక్క నాకు అప్పుడే తెలుసు.

మర్నాడు సాయంత్రం ఆంటీ వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ కూతురి తెల్ల యూనిఫారం ఇస్త్రీ చేస్తోంది. జరిగింది నాకు వచ్చిన తెలుగులో చెప్పాను. నడవనీ అనే అర్థంలోనే చాలూ అన్నానని చెప్పాను. ఆంటీ ఇస్త్రీ పెట్టెని నిలబెట్టింది.

"నాకు హిందీ రాదా?" అంది. "ముప్పై ఏళ్ళు పేషెంట్లతో నేను మాట్లాడింది హిందీయేగా. చాలూ అంటే ఏందో నాకు తెలవదా?"

నేను తల వంచుకున్నాను.

"నువ్వు తెలుగులో మాట్లాడుతున్నావని నేను తెలుగులో విన్నా. అంతే. మళ్ళీ అడిగాను కూడాను. చాలా అని అడిగానా లేదా?"

"అడిగారు."

"సంతోషపడ్డాను కూడా. పిల్లోడు చాలంటున్నాడు, పలచగానే బాగుందేమో అనుకున్నా." మళ్ళీ ఇస్త్రీ పెట్టె ఎత్తి కాలరు మీద ఒక్కసారి రుద్ది ఆపింది. "ఇంతకీ నాది ఉందా లేదా?"

"ఉంది ఆంటీ."

"ఎంత?"

ప్రతిదీ లెక్క కట్టి గోడకి అంటించేవాణ్ణి, ఆ ఒక్క అంకె నోటికి రాలేదు.

"కొంచెం," అన్నాను.

"కొంచెమంటే?"

"కొంచెం, ఆంటీ."

"ఈ మాట మాత్రం బాగా వచ్చే నీకు," అంది.

ఆదివారం పిలిచినవాళ్ళెవర్నీ ఆవిడ రావద్దనలేదు. పాస్టరమ్మ, డ్యూటీ దిగి యూనిఫారంలోనే వచ్చిన ఇద్దరు నర్సులు, కంటోన్మెంటు నుంచి హవల్దారు అంకులు, వాళ్ళ పిల్లలు, మా అమ్మ, నేను. మంచం మీదా కిందా సర్దుకుని కూర్చున్నారు. పకోడీల పళ్ళెం చేతులు మారింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అమ్మ కూర్చోమంది. నిలబడే ఉన్నాను.

సినిమా మధ్యలో ప్రకటనలు మొదలయ్యాయి. ఆంటీ వాల్యూము పెంచింది. మూడో నాలుగో మాది. పొద్దున్న వీధి, పాలవాడు, వంటిల్లు. కెటిల్ వంగింది. గ్లాసు వచ్చింది. పొట్లం వచ్చింది.

"ఏదమ్మా?" అంది పాస్టరమ్మ.

"అదే."

"కెటిల్ ఎత్తారే, అదా?"

"అదే. వంచారుగా, ఆ టీ."

"అయ్యో, నేను పకోడీ వైపు చూశాను," అంది ఒక నర్సు.

"మళ్ళీ వేస్తాడులే," అంది ఆంటీ.

తర్వాతి విరామంలో మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరూ నమలలేదు. పిల్లల్ని కూడా ముందుకి లాగి కూర్చోబెట్టారు. పాలవాడు, వంటిల్లు, కెటిల్, గ్లాసు, పొట్లం. హవల్దారు అంకులు గొంతు సవరించుకుని, "మంచి రంగమ్మా," అన్నాడు. ఆయన చిన్నకూతురు, "కహా థా?" ఎక్కడుందీ అని తండ్రినడిగింది. ఆయన పిల్ల మోకాలి మీద చెయ్యేసి ఊరుకోబెట్టాడు. మిగతావాళ్ళు బాగుంది, బాగుంది అన్నారు. ఏం చూసి అంటున్నారో వాళ్ళకే తెలియదు. మా అమ్మ నా వైపు చూడకుండా ఖాళీ పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఆంటీ టీవీ గొంతు తగ్గించింది. కూర్చున్నచోటి నుంచే నా వైపు తిరిగింది.

"బాబూ, నువ్వు లెక్కలోడివి. అందరూ అడుగుతారు, చెప్పుకోవాలిగా. నాది ఎంతుందో ఇప్పుడు చెప్పు."

గదిలో అందరూ నా వైపు తిరిగారు. సెకన్లలో అయితే అర కూడా లేదు. ఫ్రేముల అంకె నాకు తెలుగులో వచ్చు.

"పన్నెండు ఫ్రేములు," అన్నాను.